మా ముక్కు లారీకీ వింటేజ్ గుర్తింపు కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో పాత కార్ల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయి, మా ఇంట్లో అందరం చూశాం, మా మనవడైతే ఆ కాగితం కత్తిరించి గోడకి అంటించుకున్నాడు. కానీ ఆ రెండు పేజీలూ రెండు సార్లు తిరగేసినా ఒక్క లారీ కూడా కనపడలేదండి. కారు పాతబడే కొద్దీ విలువ పెరుగుతుంది, లారీ పాతబడితే మాత్రం పాత ఇనుము, అంతేనా అనిపించి మనసు కష్టమై ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగవుతుందని నాకు ముందే తెలుసు. చోటు చాలకపోతే మా కబుర్లు కత్తిరించండి గానీ చివర్లో పాత బళ్లకి వింటేజ్ గుర్తింపు ఇచ్చే రూలు గురించి రాసిన ముక్క మాత్రం దయచేసి ఉంచండి.

మాది అంబాజీపేట పక్కన ఒక పల్లెటూరు. మా నాన్నగారు లారీ మీద కొబ్బరికాయలు వేసుకుని ఉత్తరాదికి వెళ్లేవారు, వచ్చేటప్పుడు ఏ లోడు దొరికితే ఆ లోడు తెచ్చేవారు. ఆ లారీ ఇప్పటికీ మా ఇంటి పక్క పాకలో ఉంది. మేము ముక్కు లారీ అంటాం, ఇంజను క్యాబిన్ కింద కాకుండా ముందుకి పొడుచుకుని ఉంటుంది కాబట్టి. ఆ ముక్కు మీద మూడు కొమ్ముల నక్షత్రం ఉంది. పిల్లలు అది చూసి "బెంజ్ లారీయా తాతా!" అని నోరు తెరుస్తారు. అవును, బెంజే. జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్లు జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ కంపెనీతో 1954లో ఒప్పందం చేసుకుని ఈ లారీలు తయారు చేశారు, 1969లో ఆ ఒప్పందం అయిపోయాక నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. కాబట్టి కంపెనీ వేసిన నక్షత్రం ఉన్న లారీ ఎక్కడ కనపడినా దాని వయసు యాభై దాటిందని ఆర్సీ పుస్తకం చూడకుండానే చెప్పేయొచ్చు.

అప్పట్లో కంపెనీ నుంచి లారీ అంటే ఛాసిస్సే వచ్చేది. ముందు ఇంజను, బానెట్, వెనక రెండు పొడుగాటి ఇనప దూలాలు, చక్రాలు, అంతే. డ్రైవరు దాని మీద ఒక చెక్క పెట్టె బిగించుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎండలో వానలో అలాగే తోలుకొచ్చేవాడు. క్యాబినూ, వెనక తొట్టీ ఇక్కడ మన వడ్రంగులే కట్టేవారు. మా లారీ తలుపు మీద లతలు చెక్కి ఉంటాయి, ఆ పని చేసిన వడ్రంగి ఎవరో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. అంటే ఇంజను జర్మనీ వాళ్లది, ఇనుము జంషెడ్‌పూర్‌ది, చెక్కపని మన గోదావరి జిల్లా వడ్రంగిది. ఇన్ని చేతులు పడిన వస్తువుని కేజీల లెక్కన ఎలా తూస్తామండి? తూస్తామని పాత ఇనుము వాళ్లు వచ్చారు, ఒకసారి కాదు మూడు సార్లు. మూడో సారి నేను కొంచెం మెత్తబడ్డాను కూడా, అప్పుడు ఇంట్లో అవసరాలు అలా ఉన్నాయి. మా ఆవిడ ఒప్పుకోలేదు. మా పెళ్లికి వాళ్ల వైపు వాళ్లంతా ఆ లారీ మీదే వచ్చారు, తొట్టి నిండా ఎండుగడ్డి పరిచి, పైన జంపఖానాలు వేసి, ముసలివాళ్లని క్యాబిన్‌లో కూర్చోబెట్టి. "మా అమ్మని తెచ్చిన బండి అది" అంది. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

ఇలాంటి లారీల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లం మా చుట్టుపక్కల ఏడెనిమిది మందిమి ఉన్నాం. సంఘం కాదు, పేరు లేదు, చందా లేదు. నెలకి రెండు ఆదివారాలు పొద్దున్నే కాలవ గట్టు మీద నిద్రగన్నేరు చెట్టు కింద, మా పాత మెకానిక్ మేస్త్రి బాబాయ్ షెడ్డు దగ్గర చేరతాం. రాజోలు వైపు నుంచి ఒక రొయ్యల రైతు వస్తాడు, ఆయన దగ్గర అశోక్ లేలాండ్ కామెట్ లారీ ఉంది. నరసాపురం నుంచి లేత్ పని చేసే తమ్ముడు మోటార్ సైకిల్‌ని పంటు మీద, అంటే నది దాటించే బల్లకట్టు మీద ఎక్కించుకుని సఖినేటిపల్లి రేవులో దిగి వస్తాడు, గోదావరికి వరదొచ్చి పంటు ఆపేస్తే ఆ వారం రాడు, అతను లేకపోతే మా పనులు సగం ఆగిపోతాయి. ఫిజిక్స్ మాస్టారు ఒకాయన ఉన్నారు, రిటైరయ్యారు, ఆయనకి లారీ లేదు, కానీ వాళ్ల నాన్న క్లీనరుగా చేసి ఆ సంపాదనతోనే ఈయన్ని చదివించారు, అందుకని వస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు ఇనప కొట్టు వాళ్లు ముక్కలు చేయబోతున్న ఫార్గో లారీని వాళ్ల దగ్గర్నించి కొనుక్కుని కాపాడాడు. ఫార్గో, డాడ్జ్ అంటే ఈ తరానికి తెలియదు, బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ వాళ్లు చేసేవారు, ఫియట్ కార్లు చేసింది కూడా వాళ్లే. ఇంక అందరికంటే పెద్దాయన ఒక డ్రైవరు. నలభై ఏళ్లు స్టీరింగ్ పట్టారు. ఈ మధ్యే రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆయన్ని మేమందరం గురువుగారు అంటాం.

వచ్చి ఏం చేస్తారు అని అడుగుతారు కొందరు. మాట్లాడుకుంటామండి. చేతులు బోల్టు మీద, మాటలు ప్రపంచం మీద. "మావయ్యా, సుగరు ఎంతుంది?" అంటే "సుగరు సంగతి తర్వాత, నీ డీజిల్ పంపు ఎంతవరకు వచ్చింది?" అని జవాబొస్తుంది. మోకాళ్ల నొప్పులు, అమెరికాలో ఉన్న కూతురి కాన్పు, కొబ్బరి రేటు, కింగ్‌పిన్ బుష్‌లు, ఇవన్నీ ఒకే వాక్యంలో దొర్లిపోతాయి. నేను గమనించిన సంగతి ఒకటి చెప్తాను. మా రొయ్యల రైతుకి ఒక ఏడాది తెల్లమచ్చ వైరస్ తగిలి చెరువంతా పోయింది. ఆయన ఆ మాట ఇంట్లో చెప్పలేదు, బ్యాంకులో చెప్పలేదు, అన్నదమ్ములకి చెప్పలేదు. మా దగ్గర వెనక చక్రం బ్రేక్ డ్రమ్ము విప్పి లైనర్ల మీద దుమ్ము బ్రష్షుతో దులుపుతూ, తలెత్తకుండా చెప్పారు. ఎవరూ ఓదార్పు మాటలు మాట్లాడలేదు. మేస్త్రి బాబాయ్ వీల్ సిలిండర్ చేతికిచ్చి "ఇది కూడా విప్పేయ్, రబ్బర్లు మారుద్దాం" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎవరూ ఇంటికి వెళ్లలేదు. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాట పక్కపక్కన కూర్చుని ఒకే బండి వైపు చూస్తూ చెప్పుకోవచ్చు.

రిపేరు సంగతులు కొన్ని రాయాలని ఉంది. ఇవి ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే మేస్త్రి బాబాయ్‌తోనే పోతాయని నా భయం.

మా లారీకి ఈ మధ్య ఒక జబ్బు పట్టింది. స్టార్టవుతుంది, అరనిమిషం నడుస్తుంది, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. డీజిల్ బండి తోలినవాళ్లకి ఎవరికైనా తెలుసు, అది ఎయిర్ లాక్. పైపుల్లో గాలి చేరితే పంపు డీజిల్‌ని తోయలేదు. ఫిల్టరు పైనున్న బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే బుడగలు బుడగలుగా నురుగు వస్తుంది, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక స్క్రూ బిగించాలి. బిగించాం. నడిచింది. మళ్లీ ఆగింది. మూడు ఆదివారాలు ఇదే. ఎక్కడా ఒక్క చుక్క డీజిల్ కారడం లేదు, కారకపోతే గాలి ఎక్కణ్నుంచి వస్తుంది అని మేము బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే మేస్త్రి బాబాయ్ అన్నారు, "కారే చోట వెతుకుతున్నార్రా మీరు, పీల్చే చోట వెతకండి" అని. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు పీల్చుకునే వైపు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, బయటి గాలే లోపలికి పోతుంది. చూస్తే అదే, ఫీడ్ పంపు దగ్గర బోల్టు కింద రాగి వాచర్ గట్టిపడిపోయి అతుక్కోవడం లేదు.

కొత్త వాచరుకి అమలాపురం వెళ్లాలి, ఆదివారం కొట్లు మూసేస్తారు. బాబాయ్ ఆ పాత వాచరునే పట్టకారుతో పట్టుకుని స్టవ్వు మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచారు. మా సాఫ్ట్‌వేర్ కుర్రాడికి అనుమానమొచ్చింది, "అలా ముంచితే ఇంకా గట్టిపడుతుంది కదండీ" అన్నాడు. అప్పుడు మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని క్లాసు మొదలుపెట్టారు. ఉలికీ, కొడవలికీ వాడే ఉక్కుని ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది, కమ్మరి చేసేది అదే. రాగి అలా కాదు. ఎర్రగా కాలిస్తే మెత్తబడుతుంది, నీళ్లలో ముంచినా గాలికి వదిలేసినా మెత్తగానే ఉంటుంది, బిగించి నొక్కేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది. మేస్త్రి బాబాయ్ బడి మొహం సరిగ్గా చూడలేదు, మాస్టారు స్పానరు సరిగ్గా పట్టలేరు, ఇద్దరూ ఒకే మాట రెండు దారుల్లో వచ్చి చెప్పారు. వాచరు బిగించాం, గాలి తీశాం. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఇంజను ఆగలేదు.

గురువుగారి సంగతి వేరు. ఆయన చూడరు, వింటారు. క్యాబిన్ మెట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు విని "ఒకటి పలకట్లేదు" అంటారు. ఆరు సిలిండర్ల ఇంజనులో ఒకటి మండకపోతే మా చెవులకి తేడా తెలియదు, ఆయనకి తెలుస్తుంది. అప్పుడు ఇంజను నడుస్తుండగానే సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఒక్కో నాజిల్ పైపు నట్టూ కొంచెం వదులు చేసి చూస్తాం. మంచి సిలిండరుది వదులు చేస్తే ఇంజను తడబడుతుంది, పనిచేయనిదాన్ని వదులు చేస్తే ఏ మార్పూ ఉండదు, అదే దొంగ. సిలిండర్లు మండే వరస ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. మా నాన్నగారు నాకు ఎక్కాలతో పాటు నేర్పించిన వరస ఇది. గురువుగారు ఇప్పుడు కుర్రాడికి డబుల్ క్లచ్ నేర్పిస్తున్నారు. పాత గేరు బాక్సుల్లో ఇప్పటి బళ్లలోలా గేరు మెత్తగా పడదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, కింది గేరుకి దిగాలంటే యాక్సిలరేటరు ఒక్క దెబ్బ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. లోపల తిరిగే పళ్ల వేగాలు కలిస్తే చప్పుడు లేకుండా పడుతుంది, కలవకపోతే పళ్లు నూరినట్టు అరుస్తుంది. గురువుగారు పక్క సీట్లో కూర్చుని కుర్రాడి మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తారు, ఆ తాళానికి కాలు కదపాలి. నెల రోజులకి కుర్రాడు రెండో గేరులోకి చప్పుడు లేకుండా దించాడు. గురువుగారు ఏమీ అనలేదు, జేబులోంచి తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నారు, ఆపరేషన్ అయిన కళ్లు కదా అనుకున్నాం గానీ అది కాదని అందరికీ తెలుసు.

స్పేర్ల కష్టం చెప్పుకుంటే తరగదు. లేలాండ్‌కి అంగుళాల స్పానర్లు, టాటాకి ఎంఎం స్పానర్లు, ఒకదానివి ఇంకోదానికి వాడితే బోల్టు తల గుండ్రమైపోతుంది. రెండు భాగాల మధ్య సందు మూసే గాస్కెట్లు దొరక్కపోతే షీటు తెచ్చి భాగం మీద పరిచి గుండు సుత్తితో అంచుల వెంట మెల్లగా తట్టుకుంటూ పోతే అచ్చు పడి అదే తెగుతుంది, ఆ పని మా లేత్ తమ్ముడు చూడచక్కగా చేస్తాడు. చక్రాల కుదుపు ఆపే కమాన్ కట్టలో పట్టీలు చదునైపోతే మళ్లీ వంపు తెచ్చే కమ్మరి మాకు తెలిసినంతలో ఒక్కడే మిగిలాడు, కొడుకులు వేరే పనులకి వెళ్లిపోయారు. బేరింగుల విషయంలో మాత్రం ఒక సుళువు ఉంది, ఇది మీ పాఠకుల్లో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. కొట్టుకి వెళ్లి ఫలానా లారీ బేరింగు ఉందా అంటే లేదంటారు. బేరింగు మీద కొట్టి ఉన్న నంబరు చెప్పండి. 6205 అని ఉందనుకోండి, చివరి రెండంకెలని ఐదుతో హెచ్చవేస్తే 25, లోపలి కన్నం 25 మిల్లీమీటర్లు. ఆ లెక్క 04 నుంచి పైకి పనిచేస్తుంది. నంబరు ఒకటే అయితే లారీదైనా నీళ్ల మోటారుదైనా సైజు ఒకటే. నా లారీ డైనమో బేరింగు చివరికి వ్యవసాయ మోటార్లు బాగుచేసే కొట్లో దొరికింది.

ఇంక నీళ్ల సంగతి. మాది డెల్టా కదండీ, లారీకి అసలు శత్రువు ఇక్కడ తుప్పు. సముద్రపు గాలి ఉప్పు, వరద నీరు, ఎప్పుడూ తడి నేల. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద ఈ జిల్లాల్లో పెద్దవాళ్లెవరూ మర్చిపోరు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, గట్లు తెగాయి. మా లారీ బానెట్ దాకా మునిగి అలాగే ఉండిపోయింది. నీళ్లు తీశాక అందరికీ ఆత్రం, సెల్ఫ్ కొట్టి చూద్దాం అని. మా నాన్నగారు తాళం చెవి తీసి మొలతాడుకి కట్టేసుకున్నారు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆరు నాజిల్సూ విప్పేసి, ఇంజనుని చేత్తో తిప్పితే ఆ కన్నాల్లోంచి గోదావరి బురద నీళ్లు పిచికారీలా ఎగిరాయి, నేను పక్కనే ఉన్నాను, మొహం మీద పడ్డాయి. గేరు బాక్సులో, వెనక హౌసింగులో ఆయిల్ పాల టీ రంగుకి తిరిగింది, ఆయిల్‌లో నీళ్లు కలిస్తే ఆ రంగే వస్తుంది. మొత్తం తీసేసి కిరోసిన్‌తో కడిగి కొత్త ఆయిల్ పోశారు, హబ్బులన్నీ విప్పి కొత్త గ్రీజు పెట్టారు. పదిహేను రోజులు ఇంటిల్లిపాదీ అదే పని, మా అమ్మ బేరింగులు తట్టలో వేసి కిరోసిన్‌లో కడగడం నాకింకా కళ్లకి కడుతుంది. ఆ లారీ మళ్లీ లేచి నిలబడింది.

1996 నవంబరు 6 తుపాను రాత్రి తర్వాత అదే లారీ మా ఊరి రోడ్డు తెరిచింది. కోనసీమలో కొబ్బరి చెట్లు ఎన్ని పడ్డాయో చూసినవాళ్లకి తెలుసు, తోటలు తోటలే నేల మీద పడుకున్నాయి. రోడ్డుకి అడ్డంగా పడిన మానులకి మోకులు కట్టి లారీ వెనక్కి తగిలించి మెల్లగా మొదటి గేరులో లాగుతూ దారి చేసుకుంటూ మెయిన్ రోడ్డు దాకా వెళ్లాం. తర్వాత మంచినీళ్ల డ్రమ్ములు, బియ్యం మూటలు దాని మీదే వచ్చాయి.

ఎదుర్లంక, యానాం మధ్య వంతెన 2002లో వచ్చింది, బాలయోగి గారి పేరు పెట్టారు. అంతకు ముందు మా వైపు నుంచి లోడు లారీ కాకినాడ వెళ్లాలంటే రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాల్సిందే. రాజమండ్రిలో రోడ్డు కం రైలు వంతెన కూడా 1974లో గానీ రాలేదు. మా నాన్నగారి తరం డ్రైవర్లకి రేవులన్నీ కంఠతా వచ్చు, ఏ రేవులో రాత్రి వంట చేసుకోవచ్చు, ఎక్కడ పడుకుంటే దొంగల భయం లేదు, అన్నీ. రావులపాలెం అరటి గెలలు, కడియం మొక్కలు, మండపేట బియ్యం, పాలకొల్లు కొబ్బరి, భీమవరం చేపలు, ఈ డెల్టాలో పండింది ఏదైనా దేశంలో ఇంకో వంటింటికి చేరిందంటే మధ్యలో ఒక లారీ, ఒక డ్రైవరు, ఒక క్లీనరు ఉన్నారు. కాటన్ దొర ఆనకట్ట కట్టి నీళ్లు ఇచ్చారని ఆయనకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే, ధవళేశ్వరంలో ఆయన పేరున మ్యూజియం ఉంది. ఆ నీళ్లతో పండిన పంటని మోసిన బండి ఒక్కటైనా ఎక్కడైనా జాగ్రత్త చేశామా?

ఇప్పుడు రూలు సంగతి. ఈ ఉత్తరానికి అసలు కారణం ఇదే.

2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకి రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, అసలు రూపు మారకుండా ఉన్న బండి వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల పక్కన వీఏ అని వస్తుంది. రోజువారీ పనులకి తిప్పకూడదు, అద్దెకి తిప్పకూడదు, ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, ఆయిల్ పోయించుకోవడానికీ, రిపేర్లకీ మాత్రం రోడ్డు మీదికి తీసుకురావచ్చు. చాలా మంచి రూల్స్, నాకు ఒక్క అభ్యంతరం లేదు. కానీ ఇవన్నీ టూవీలర్లకీ, సొంత వాడకానికి ఉన్న కార్లకీ మాత్రమే. లారీ లేదు. బస్సు లేదు.

నేను ఒక రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లి అడిగాను. అక్కడున్న అమ్మాయి మర్యాదగానే కూర్చోబెట్టి, కంప్యూటర్‌లో చాలాసేపు వెతికి, "సార్, లారీకి ఆ ఆప్షనే రావట్లేదండి" అంది. ఆమె తప్పేం లేదు. మరి నేనేం చేయాలి? మామూలు లారీ కిందే ఉంచుకోవాలంటే బండి రోడ్డుకి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేయించాలి. 15 ఏళ్లు దాటిన హెవీ లారీకి ఆ సర్టిఫికెట్ ఫీజుని 2022 ఏప్రిల్‌లో 12,500 రూపాయలకి పెంచారు. రోజూ లోడు తోలి సంపాదించే బండిని దృష్టిలో పెట్టుకుని పెట్టిన ఫీజు అది, ఏడాదికి నాలుగు సార్లు పాకలోంచి బయటికి వచ్చే బండికి కాదు. ఫిట్‌నెస్ లేకుండా రోడ్డెక్కిస్తే నేరం. కాబట్టి మా లారీ రెండేళ్లుగా రోడ్డెక్కలేదు. ఇంజను స్టార్ట్ చేసి, పది నిమిషాలు వెచ్చబెట్టి, ఆపేయడమే. గురువుగారు కుర్రాడికి గేర్లు నేర్పించేది కూడా కోతలైపోయిన మా పొలంలోనే.

ఒక మాట స్పష్టంగా రాస్తున్నాను, నన్ను ఎవరూ అపార్థం చేసుకోకూడదు. పొగ చిమ్మే పాత లారీలు ఊళ్లలో లోడ్లు వేసుకుని తిరగాలని నేను అడగడం లేదు. అలాంటివి ఆగిపోవాల్సిందే, వాటి పొగ పీల్చేది కూడా మన పిల్లలే. కొత్త లారీలంటే నాకు కోపం కూడా లేదు, అందులో డ్రైవరుకి సుఖం ఉంది, బ్రేకు మీద నమ్మకం ఉంది, మా నాన్నగారికి అలాంటి స్టీరింగు దొరికి ఉంటే చివరి రోజుల్లో ఆ భుజాల నొప్పి ఉండేది కాదు. నేను అడిగేది కార్లకి ఇచ్చిన అవే షరతులతో, అదే ఫీజుతో, యాభై ఏళ్లు దాటిన లారీలకీ బస్సులకీ కూడా ఆ వరసలో చోటు ఇవ్వమని. మా జిల్లాల ఎంపీలు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే పార్లమెంటులో ఒక్క ప్రశ్న వేయండి, చాలు. రూల్లో కార్లున్న ఆ వాక్యం పక్కన లారీ, బస్సు అన్న మాటలు చేర్చడానికి ఖజానా మీద భారం ఏమీ పడదు.

మీ పత్రికని కూడా ఒకటి అడుగుతున్నాను. కార్లకి రెండు పేజీలు ఇచ్చారు, లారీలకి ఒక్క పేజీ ఇవ్వండి. లారీల కంటే ముందు మనుషుల గురించి వేయండి. మేస్త్రి బాబాయ్‌కి డెబ్బై దాటాయి, పొద్దున్న పూట చెయ్యి వణుకుతోంది, చేతిలో స్పానరు పడగానే ఆ వణుకు ఆగిపోతుంది, అది మీ ఫొటోగ్రాఫరు వచ్చి చూడాలి. తణుకులో, రామచంద్రపురంలో, తాడేపల్లిగూడెంలో ఇలాంటి చేతులు ఇంకా ఎన్నో ఉండి ఉంటాయి, వాళ్లు చెప్పింది ఎవరూ రాసుకోవడం లేదు. ఈ తరం మెకానిక్కులు స్కానరు పెట్టి జబ్బు కనిపెడతారు, అదీ గొప్ప విద్యే, కానీ చెవి పెట్టి కనిపెట్టే విద్య ఇంకోటి ఉందని వాళ్లకీ తెలియాలి కదా. మీ పాఠకుల ఇళ్లలో పాత ఫొటోలు ఉంటాయి, లారీ పక్కన నిలబడ్డ నాన్నలవీ, క్లీనరు కుర్రాళ్లవీ, పంటు మీద ఎక్కించిన బళ్లవీ. అవి పంపమని మీరు అడిగితే పంపుతారు, మేము అడిగితే ఎవరు పంపుతారు?

వచ్చే ఆదివారం రొయ్యల రైతు గారి కామెట్‌కి హెడ్డు, అంటే ఇంజను పై మూత బిగిస్తున్నాం. మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి బయటికి, ఒక్కసారే కాకుండా మూడు విడతలుగా బిగించాలి, లేకపోతే హెడ్డు వంకర పోతుంది, కాబట్టి రోజంతా పడుతుంది. మాస్టారు ఇంటి నుంచి ఉప్మా తెస్తామన్నారు. ఫొటోగ్రాఫరుని పంపే ఉద్దేశం ఉంటే మాత్రం ఏడు గంటల లోపు పంపండి, అప్పుడు వెలుతురు చెట్టు కిందికి నేరుగా వస్తుంది, మేస్త్రి బాబాయ్ కూడా ఎండెక్కక ముందే పెద్ద పని ముగించేస్తారు.

ఇట్లు,
ఒక పాత లారీ యజమాని,
అంబాజీపేట దగ్గర, కోనసీమ జిల్లా